డిలీట్ కొడితే పోయినట్టేనా?

‘ఇక్కడ ప్రకటనలుండవు... మన డేటాను ఎవరూ అమ్ముకోరు’ అన్న మాట విని మాస్టోడాన్, బ్లూస్కై లాంటి వేదికల్లో చేరుతున్న విద్యార్థులున్నారు. ఆ మాటలో నిజముంది. కానీ అది సగం నిజమే. మిగతా సగం ముందే తెలుసుకోకపోతే ప్లేస్‌మెంట్ సమయంలోనో, వీసా దరఖాస్తు నింపేటప్పుడో తెలుసుకోవాల్సి వస్తుంది!

బీటెక్ మూడో ఏడాది చదువుతున్న ఓ అమ్మాయి ఉందనుకుందాం. ఇంటర్న్‌షిప్ ఇచ్చిన కంపెనీ మేనేజర్ మీద కోపంతో మారుపేరుతో నాలుగు ఘాటైన పోస్టులు రాసింది. ఆ తర్వాత ఏడాది ప్లేస్‌మెంట్లు దగ్గరపడగానే వాటిని తీసేసింది. మారుపేరు తీసి అసలు పేరు పెట్టుకుంది. ఫొటో మార్చింది. ‘హమ్మయ్య, అంతా శుభ్రం’ అనుకుంది.

ఆమె వాడింది ఒకే కంపెనీ నడిపే వేదికైతే ఆ ఒక్క కంపెనీ సర్వర్ల నుంచి పోస్టు పోతే చాలావరకు పోయినట్టే. అదే వికేంద్రీకృత నెట్‌వర్క్ అయితే? ఆ పోస్టు అప్పటికే ఎన్ని సర్వర్లకు చేరిందో ఆమెకే తెలియదు. కొన్నిచోట్ల పాత మారుపేరు కూడా అందరికీ కనిపించే రికార్డులో అలాగే ఉండిపోతుంది. అలాగని ఈ వేదికలు చెడ్డవని కాదు. వీటి బలం ఏమిటో, బలహీనత ఏమిటో తెలిసి వాడాలి. ఉద్యోగ వేటలో ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.

అసలేమిటివి?

ఈమెయిల్‌ను గుర్తు తెచ్చుకోండి. మీది జీమెయిల్, మీ స్నేహితుడిది యాహూ, మీ లెక్చరర్‌ది కాలేజీ సొంత మెయిల్. కంపెనీలు వేరైనా ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరుతుంది. కారణం, అందరూ ఒకే నియమావళిని పాటించడం. దాన్నే ప్రోటోకాల్ అంటాం. ఈ పద్ధతినే సోషల్ మీడియాకు తెస్తే అది వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్క్. యజమాని ఒకరే ఉండరు. వేల సర్వర్లను వేర్వేరు వ్యక్తులు, సంస్థలు నడుపుతుంటాయి. మీరు ఒక సర్వర్‌లో చేరి, వేరే సర్వర్‌లో ఉన్నవారిని ఫాలో కావచ్చు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 2010లో న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన నలుగురు విద్యార్థులు ‘డయాస్పొరా’ పేరుతో ఫేస్‌బుక్‌కు ప్రత్యామ్నాయం కట్టడానికి 10 వేల డాలర్లు కావాలని జనాన్ని అడిగితే, దాదాపు 2 లక్షల డాలర్లు వచ్చాయి. 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో ‘మాస్టోడాన్’ను తెచ్చారు. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ‘యాక్టివిటీపబ్’ను అధికారిక ప్రమాణంగా గుర్తించింది. దీన్ని పాటించే మాస్టోడాన్, పిక్సెల్‌ఫెడ్, పీర్‌ట్యూబ్ లాంటి వేదికలన్నింటినీ కలిపి ‘ఫెడివర్స్’ అంటున్నారు. మెటా కంపెనీ తెచ్చిన థ్రెడ్స్ కూడా దీంతో కొంతవరకు అనుసంధానమైంది.

మన దేశంలో మాస్టోడాన్ పేరు గట్టిగా వినిపించింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపేయడంతో నిరసనగా చాలామంది భారతీయులు అటు వెళ్లారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను కొన్నాక ప్రపంచవ్యాప్తంగా మరో పెద్ద వలస జరిగింది. ట్విటర్‌లోనే మొలకెత్తి, తర్వాత విడి కంపెనీగా మారిన బ్లూస్కై 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం అక్కర్లేకుండా అందరికీ తెరిచింది. అదే ఏడాది నవంబరుకు 2 కోట్ల మంది వినియోగదారులను దాటింది. మరోపక్క తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో సేవలందించిన ‘కూ’ 2024 జులైలో మూతపడింది. అది ఒకే కంపెనీ నడిపిన వేదిక. కంపెనీ తలుపు మూస్తే వినియోగదారులు కట్టుకున్న బృందమంతా చెల్లాచెదురైపోతుందని చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణ ఇదే.

ఇవికాక ఇంకో రెండు పేర్లు తెలుసుకోవాలి. ‘నోస్టర్’లో ఖాతా అంటే సర్వర్‌లో ఉండేది కాదు, ఒక జత డిజిటల్ తాళంచెవులే. ‘మ్యాట్రిక్స్’ చాటింగ్ కోసం వాడే వికేంద్రీకృత వ్యవస్థ. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం తయారుచేసుకున్న ‘చాప్’ యాప్ దీని మీదే నడుస్తుంది.

బలాలు ఎక్కడ?

ముందుగా మంచి చెప్పుకుందాం. ఇవి చిన్నవేం కాదు.

మీ మీద ఫైలు కట్టాల్సిన అవసరం లేదు. పెద్ద వేదికల ఆదాయం ప్రకటనల నుంచి వస్తుంది. మీరు దేన్ని ఎంతసేపు చూశారు, దేని దగ్గర ఆగారు, ఏ ఊళ్లో ఉన్నారు... ఇదంతా వాళ్లకు సరుకు. మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రకటనల వ్యవస్థే లేదు. మీరు ఫాలో అయినవారి పోస్టులు వచ్చిన వరుసలో కనిపిస్తాయి. మిమ్మల్ని అంచనా వేసి వలేసే అల్గారిదమ్ లేనప్పుడు ఆ అంచనాకు కావాల్సిన డేటా పోగేయాల్సిన పనీ ఉండదు.

తక్కువ సమాచారంతో చేరొచ్చు. మాస్టోడాన్‌కు ఈమెయిల్ ఉంటే సరిపోతుంది. ఫోన్ నంబరు, కాంటాక్టుల జాబితా అక్కర్లేదు. నోస్టర్‌కు ఈమెయిల్ కూడా అవసరం లేదు. మారుపేరుతో ఉండటం ఇక్కడ తప్పేం కాదు. ఫోన్ నంబరు బయటికి పొక్కుతుందన్న భయం ఉన్న అమ్మాయిలకు ఇది నిజంగా అక్కరకొచ్చే విషయం.

గుత్తాధిపత్యం ఉండదు. 2018లో బయటపడ్డ కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో దాదాపు 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ వినియోగదారుల సమాచారం చేతులు మారి ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. ఒకేచోట కోట్లమంది సమాచారం కుప్పగా ఉండబట్టే అది సాధ్యమైంది. వికేంద్రీకృత నెట్‌వర్క్‌లో ఒక సర్వర్‌లోకి దొంగ చొరబడితే ఆ సర్వర్‌లోని వారి పాస్‌వర్డ్ వివరాలు, ఈమెయిళ్లు పోతాయే కానీ మొత్తం నెట్‌వర్క్‌లోనివి పోవు.

నచ్చకపోతే వెళ్లిపోవచ్చు. నంబరు మారకుండా సిమ్ కంపెనీ మారినట్టే ఇది. మాస్టోడాన్‌లో సర్వర్ మారితే ఫాలోయర్లు మీ వెంటే వస్తారు (పాత పోస్టులు మాత్రం రావు). బ్లూస్కైలో పోస్టులతో సహా ఖాతాను వేరే సర్వర్‌కు మార్చుకునేలా వ్యవస్థను రూపొందించారు. ‘నా షరతులకు ఒప్పుకో, లేదా అన్నీ వదిలేసి వెళ్లిపో’ అనే మాట ఇక్కడ అంతగా చెల్లదు.

కోడ్ అందరికీ కనిపిస్తుంది. మాస్టోడాన్ కోడ్ బహిరంగం. 2023లో మొజిల్లా సంస్థ చేయించిన భద్రతా తనిఖీలో క్యూర్53 నిపుణులు దానిలో ప్రమాదకరమైన లోపాలు పట్టుకున్నారు. జులైలో వాటికి మరమ్మతు విడుదలైంది. లోపం ఉండటం కన్నా, దాన్ని బయటివారు వెతికి చెప్పగలగడం ఇక్కడ గమనించాల్సిన సంగతి.

బలహీనతలు ఎక్కడ?

పైన చెప్పిన ప్రతి బలానికీ వెనకవైపు ఒకటుంది. అదీ చూద్దాం.

1. ప్రైవేట్ మెసేజ్ అంత ప్రైవేట్ కాదు

వాట్సాప్, సిగ్నల్‌లలో మెసేజ్ పంపినవారికి, అందుకున్నవారికి తప్ప మధ్యలో కంపెనీకి కూడా అర్థం కాదు. దీన్నే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. మాస్టోడాన్‌లో ఒకరికే కనిపించేలా పంపే సందేశం నిజానికి చదివేవారి సంఖ్యను కుదించిన మామూలు పోస్టే. పంపినవారి సర్వర్ అడ్మిన్, అందుకున్నవారి సర్వర్ అడ్మిన్ తలచుకుంటే చూడగలరు. రహస్య సమాచారం ఇందులో పంచుకోవద్దని ఆ వేదికే హెచ్చరిక చూపిస్తుంది. ఇంకో చిక్కు: ఆ సందేశంలో మూడో వ్యక్తి ఖాతా పేరును పూర్తిగా ప్రస్తావిస్తే అది అతనికీ చేరిపోతుంది! ‘ఫలానా సీనియర్‌తో జాగ్రత్త’ అని రాస్తూ ఆ సీనియర్ ఖాతాను ట్యాగ్ చేశారనుకోండి... సంగతి అంతే.

బ్లూస్కై 2024 మే నెలలో వ్యక్తిగత సందేశాల సదుపాయం తెచ్చినప్పుడు అందులోనూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. ఈ విషయంలో మెరుగైనది మ్యాట్రిక్స్. దానిలో ఎన్‌క్రిప్షన్ ఉంది. అయితే ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఎప్పుడు మాట్లాడుకున్నారు లాంటి వివరాలు (వీటినే మెటాడేటా అంటాం) సర్వర్లకు తెలుస్తాయి. ఎన్‌క్రిప్షన్ యాప్‌లపై ప్రభుత్వాల చూపూ ఉంటుంది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణంతో 2023 మేలో కేంద్రం 14 మెసేజింగ్ యాప్‌లను నిలిపివేసింది. వాటిలో మ్యాట్రిక్స్ మీద నడిచే ‘ఎలిమెంట్’ ఒకటి.

2. తొలగింపు ఒక విన్నపం మాత్రమే

మాస్టోడాన్‌లో మీరు డిలీట్ నొక్కగానే మీ సర్వర్ మిగతా సర్వర్లకు ‘ఈ పోస్టు తీసేయండి’ అని కబురు పంపుతుంది. సక్రమంగా నడిచే సర్వర్లు తీసేస్తాయి. ఆ సమయానికి ఏదైనా సర్వర్ పనిచేయకపోయినా, దాని సాఫ్ట్‌వేర్ ఈ కబురును పట్టించుకోకపోయినా కాపీ అక్కడే ఉంటుంది. నోస్టర్‌లోనూ అంతే. తొలగించమని అడగొచ్చు, రిలే సర్వర్లు వినాలన్న నిర్బంధం లేదు. బ్లూస్కైలో పోస్టులు పడగానే ఒక ప్రవాహంలా బయటికి వెళ్తాయి. దాన్ని ఎవరైనా పట్టి దాచుకోవచ్చు.

2024 నవంబరులో ఇదే జరిగింది. పది లక్షల బ్లూస్కై పోస్టులను ఒక డేటాసెట్‌గా చేసి, మెషిన్ లెర్నింగ్ పరిశోధనల కోసమంటూ హగ్గింగ్ ఫేస్ వేదికలో పెట్టారు. జనం మండిపడటంతో దాన్ని తీసేశారు. కానీ అలా పోస్టులను పోగేయడానికి హ్యాకింగ్ ఏమీ అక్కర్లేకపోయింది. తలుపు తెరిచే ఉంది మరి!

3. అడ్మిన్ ఎవరో, ఎక్కడో...

పెద్ద కంపెనీని నమ్మకపోవడం సరే. మరి ఎవరిని నమ్ముతున్నాం? చాలా సర్వర్లను ఒకరిద్దరు వ్యక్తులు ఖాళీ సమయంలో, విరాళాలతో నడుపుతుంటారు. వాళ్లకు లాయర్ల బృందం ఉండదు, భద్రతా నిపుణులూ ఉండరు. మీ ఈమెయిల్, ఐపీ అడ్రస్, సందేశాలు వాళ్ల దగ్గరుంటాయి.

2023 మే నెలలో అమెరికాలో కొలెక్టివా అనే మాస్టోడాన్ సర్వర్ నిర్వాహకుల్లో ఒకరి ఇంటిపై ఎఫ్‌బీఐ దాడి చేసింది. ఆ కేసుకూ సర్వర్‌కూ సంబంధం లేదు. అయితే ఆ సమయంలో అతను సర్వర్ సమస్య ఒకటి పరిష్కరిస్తూ ఉండటంతో డేటాబేస్ బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ కాకుండా ఇంట్లోనే ఉంది. మిగతా పరికరాలతోపాటు అదీ అధికారుల చేతికి వెళ్లింది. వినియోగదారుల ఈమెయిళ్లు, ఆ నాటికి ఉన్న ఐపీ అడ్రస్‌లు, ప్రైవేట్ సందేశాలు అన్నీ అందులో ఉన్నాయి. ఎవరో ఒకరి ఇంట్లో జరిగిన సోదా వేలమంది గోప్యతను తాకింది.

సర్వర్ మూతపడే ప్రమాదమూ ఉంది. టెక్నాలజీ ఉద్యోగుల్లో పేరున్న మాస్టోడాన్.టెక్నాలజీ అనే సర్వర్‌ను నిర్వాహకుడు 2022లో మూసేశారు. ముందుగా చెప్పారు కాబట్టి సభ్యులు మరోచోటికి మారగలిగారు. 2024 ఫిబ్రవరిలో అఫ్గానిస్థాన్ డొమైన్ ‘.ఏఎఫ్’ మీద నడుస్తున్న ఓ సర్వర్ విలాసాన్ని తాలిబన్ల ప్రభుత్వం నిలిపేసింది. విలాసం పోతే అందులోని ఖాతాలన్నీ దిక్కులేనివే.

4. మీ ఇంటికి తాళం ఉంది... పక్కింటికో?

‘ఫాలోయర్లకు మాత్రమే’ అని పోస్టు పెట్టారు. మీ సర్వర్ భద్రంగానే ఉంది. కానీ మీ ఫాలోయర్ వేరే సర్వర్‌లో ఉంటే పోస్టు అక్కడికీ వెళ్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే? 2025 మార్చిలో పిక్సెల్‌ఫెడ్‌లో అలాంటిదే బయటపడింది. వేరే సర్వర్‌లోని ప్రైవేట్ ఖాతా యజమాని అనుమతి ఇవ్వకపోయినా, పిక్సెల్‌ఫెడ్ వినియోగదారుడు ఫాలో అయిపోయి ఆ పోస్టులను చూసే అవకాశం దానిలో ఉండేది. 0.12.5 వెర్షన్‌లో సరిచేశారు. నష్టపోయినవాళ్లు పిక్సెల్‌ఫెడ్‌లో ఖాతా తెరవనే అక్కర్లేదు. వికేంద్రీకరణలో ఉన్న అసలు చిక్కు ఇదే: మీ గోప్యత మీ సర్వర్‌తో ఆగదు, మీ స్నేహితుల సర్వర్ల జాగ్రత్త మీద కూడా ఆధారపడుతుంది.

5. అంతా బహిరంగమే

బ్లూస్కైలో ప్రైవేట్ ఖాతా అనేదే లేకుండా వ్యవస్థను కట్టారు. పోస్టులే కాదు- ఎవరిని ఫాలో అవుతున్నారు, దేనికి లైక్ కొట్టారు, చివరికి ఎవరిని బ్లాక్ చేశారు అన్నదీ సాంకేతికంగా ఎవరైనా చూడగలరు. ‘మ్యూట్’ చేయడం మాత్రం రహస్యంగా ఉంటుంది. లాగిన్ కానివారికి నా ఖాతా చూపించొద్దు అనే సెట్టింగ్ ఉంది కానీ, అది ఇతర యాప్‌లకు చేసే విజ్ఞప్తే.

మొదట్లో చెప్పుకున్న అమ్మాయి మారుపేరు సంగతికి వద్దాం. బ్లూస్కైలో ప్రతి ఖాతాకూ మారని గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. ఖాతా పేరు ఎన్నిసార్లు మార్చినా ఆ సంఖ్య అదే. ఎక్కువ ఖాతాలు వాడే పీఎల్‌సీ డైరెక్టరీలో ఈ పేరు మార్పుల చరిత్ర బహిరంగంగా నమోదవుతుంది. అంటే మారుపేరు ఖాతానే అసలు పేరుకు మార్చుకుంటే, రెంటికీ ముడి మీరే వేసి ఇచ్చినట్టు. మారుపేరు ఖాతా వేరు, ఉద్యోగం కోసం ఖాతా వేరుగా ఉండాలి.

6. తాళంచెవి పోతే అంతే

నోస్టర్‌లో పాస్‌వర్డ్ మర్చిపోతే ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కడానికి అవతల ఎవరూ లేరు. రహస్య తాళంచెవి పోతే ఖాతా పోయినట్టే. ఇతరుల చేతిలో పడితే మీ పేరుతో వాళ్లు రాస్తూ ఉండొచ్చు, ఆపే దారి లేదు. పూర్తి స్వేచ్ఛకు తోడుగా పూర్తి బాధ్యతా మీదే.

చట్టం అండగా ఉంటుందా?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి. కంపెనీలపై ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఉల్లంఘనకు రూ.250 కోట్ల వరకు జరిమానా ఉంది. తన సమాచారాన్ని సరిచేయమని, తొలగించమని అడిగే హక్కు వ్యక్తికి ఉంటుంది.

అయితే ఈ చట్టంలోని మూడో సెక్షన్‌ను ప్రతి విద్యార్థీ ఒకసారి చదవాలి. ఎవరైనా తన వ్యక్తిగత సమాచారాన్ని తానే బహిరంగంగా పెడితే, ఆ సమాచారానికి ఈ చట్టం వర్తించదు. పబ్లిక్ పోస్టులో మీరే రాసిన ఫోన్ నంబరు, ఊరు, కాలేజీ, అభిప్రాయాలు దీని కిందికే వస్తాయి. పైగా వికేంద్రీకృత నెట్‌వర్క్‌లో తొలగింపు హక్కును ఎవరిని అడగాలి? సర్వర్ ఒకటి జర్మనీలో, ఇంకోటి జపాన్‌లో, మూడోది ఎవరో విద్యార్థి గదిలో. కాగితం మీద హక్కు ఉన్నా, తట్టాల్సిన తలుపులు చాలా ఉంటాయి.

ఉద్యోగం, వీసా విషయంలో...

మన తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా వేలమంది అమెరికా చదువులకు వెళ్తుంటారు కదా. వారు ఇది తప్పక గమనించాలి. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లను 2019 నుంచే అడుగుతున్నారు. 2025 జూన్‌లో ఎఫ్, ఎం, జె వీసాలకు దరఖాస్తు చేసేవారు తమ ఖాతాలను పబ్లిక్‌గా మార్చుకోవాలన్నారు. అదే ఏడాది డిసెంబరులో హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారులనూ ఈ జాబితాలో చేర్చారు. వాడిన ప్రతి వేదిక ఖాతా పేరూ ఇవ్వాలని, దాస్తే వీసా నిరాకరించే అవకాశం ఉందని భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం స్పష్టం చేసింది.

‘మాస్టోడాన్ ఎవరికి తెలుస్తుందిలే’ అని వదిలేయడం తెలివైన పని కాదు. నిజం చెప్పడమే దారి. అందుకే రాసే ముందే ఆలోచించాలి. దరఖాస్తు నింపే వారం ముందు కంగారుగా పోస్టులు తుడిచేయడం వల్ల కాపీలన్నీ పోతాయన్న హామీ లేదని పైన చూశాం.

ప్లేస్‌మెంట్ల విషయంలో ఈ వేదికలను మంచికీ వాడుకోవచ్చు. మాస్టోడాన్ ప్రొఫైల్‌లో మీ వెబ్‌సైట్ లింకు పెట్టి, ఆ పేజీలో తిరుగు లింకు ఇస్తే అది మీదేనని పచ్చగా ధ్రువీకరణ చూపిస్తుంది. బ్లూస్కైలో సొంత డొమైన్‌నే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు. రూపాయి కట్టకుండా టిక్ వచ్చినట్టే. (డొమైన్ కొనేటప్పుడు మీ చిరునామా, ఫోన్ నంబరు బయటికి కనిపిస్తాయేమో ముందే అడిగి తెలుసుకోండి.)

చేరేముందు చూసుకోండి

- సర్వర్ ఎంచుకునేటప్పుడు దాని ‘అబౌట్’ పేజీ చదవండి. ఎవరు నడుపుతున్నారు, ఏ దేశంలో ఉంది, ఖర్చులు ఎలా వస్తున్నాయి, మూసేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు... ఇవన్నీ ఉంటే మంచి సర్వర్ కింద లెక్క.

- మాస్టోడాన్‌లో కొత్త ఫాలోయర్లను దానంతటదే ఒప్పుకునే సెట్టింగ్ మొదట ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపకపోతే ‘ఫాలోయర్లకు మాత్రమే’ పోస్టులకు అర్థం లేదు. ఎవరైనా ఒక్క నొక్కుతో ఫాలో అయి చదివేస్తారు.

- పాత పోస్టులు నిర్ణీత గడువు తర్వాత వాటంతటవే తొలగిపోయే సదుపాయం మాస్టోడాన్‌లో ఉంది. పెట్టుకోండి. పూర్తి రక్షణ కాకపోయినా తవ్వేవారికి దొరికేది తగ్గుతుంది.

- సెర్చ్ ఇంజిన్లలో కనిపించాలా వద్దా, పోస్టులు వెతుకులాటలో రావాలా వద్దా అన్న రెండు సెట్టింగ్‌లనూ విడిగా చూసుకోండి.

- ఆఫర్ లెటర్, ఆధార్, మార్కుల మెమో, బ్యాంకు వివరాలు ఈ వేదికల సందేశాల్లో పంపొద్దు. వాటికి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్ వాడండి.

- మారుపేరు ఖాతాకు వేరే ఈమెయిల్, వేరే ఫొటో పెట్టుకోండి. రెండు ఖాతాల్లోనూ ఒకే మిత్రబృందాన్ని ఫాలో అయితే పేరు మార్చినా పట్టేయడం కష్టం కాదు.

- రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి దాచుకోండి.

- ‘సొంత సర్వర్ పెట్టుకుంటే గొడవే లేదు’ అనుకోవద్దు. ఒక్కరే ఉన్న సర్వర్‌లో డొమైన్ చూస్తేనే మనిషి ఎవరో తెలిసిపోతుంది. గుంపులో కలిసిపోయే సౌలభ్యం ఉండదు. అప్‌డేట్లు వచ్చిన రోజే వేసుకునే ఓపికా కావాలి.

ఇదే కెరియర్ కూడా!

ఇంతదాకా చదివిన విషయం మీకు ఆసక్తి కలిగించిందా? అయితే దీన్ని రెజ్యూమెలోకి తేవచ్చు. డేటా రక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వం ‘ముఖ్యమైనవి’గా ప్రకటించే సంస్థలు మన దేశంలోనే ఉండే డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌ను నియమించుకోవాలి. ఆయన కింద పనిచేసే బృందాల్లో ఇంజినీరింగ్‌వారితోపాటు లా, కామర్స్, సామాన్య డిగ్రీ చదివినవారికీ చోటుంటుంది. డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అందించే డీసీపీపీ, అంతర్జాతీయ సంస్థ ఐఏపీపీ అందించే సీఐపీపీ, సీఐపీటీ లాంటి సర్టిఫికేషన్లు ఈ రంగంలో గుర్తింపు ఉన్నవి.

కోడింగ్ వచ్చినవారికి ఈ నెట్‌వర్క్‌లే ప్రయోగశాల. మాస్టోడాన్ రూబీ ఆన్ రైల్స్, పోస్ట్‌గ్రెస్, రెడిస్, రియాక్ట్‌ల మీద నడుస్తుంది. బ్లూస్కై కోడ్‌లో టైప్‌స్క్రిప్ట్, గో ఎక్కువ. మ్యాట్రిక్స్ సర్వర్ సినాప్స్‌లో పైథాన్ ఉంది. అన్నీ గిట్‌హబ్‌లో చూడొచ్చు. చిన్న బగ్ సరిచేసి పంపినా, ఆమోదం పొందితే దాని లింకు రెజ్యూమెలో నాలుగు ‘మినీ ప్రాజెక్టు’ల పెట్టు. కోడింగ్ రాకపోతే అనువాదం చేయొచ్చు. మాస్టోడాన్ ముఖపత్రాలను క్రౌడిన్ వేదికలో స్వచ్ఛందంగా అనువదిస్తుంటారు, తెలుగూ అందులో ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థల శిబిరాలకు వెళ్తే తోటివారు దొరుకుతారు.

సెక్యూరిటీ, బ్యాకెండ్ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు ఈ మూడు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు చెప్పి చూసుకోండి.

ఒకటి: సందేశాన్ని ఎన్‌క్రిప్ట్ చేసినా మెటాడేటా ఎందుకు ప్రమాదం? జవాబుకు దారి- ఉత్తరం చదవకపోయినా, ఎవరు ఎవరికి ఎన్నిసార్లు రాస్తున్నారో కవరు చెబుతుంది.

రెండు: వంద సర్వర్లలో కాపీలున్న పోస్టును తొలగించడం ఎలా? దారి- కబురు పంపడం, అందని సర్వర్లకు మళ్లీ ప్రయత్నించడం, అవతలి సర్వర్ మాట వినకపోతే ఏ సాంకేతికతా బలవంతం చేయలేదని ఒప్పుకోవడం.

మూడు: కేంద్రీకృతమా, వికేంద్రీకృతమా- ఏది మేలు? దారి- ‘ఎవరి నుంచి రక్షణ కావాలి’ అని ఎదురు ప్రశ్న వేయాలి. ప్రకటనల కంపెనీ నుంచా, ప్రభుత్వం నుంచా, కాలేజీ సీనియర్ నుంచా, భవిష్యత్తులో ఉద్యోగం ఇచ్చే సంస్థ నుంచా? దాన్నిబట్టి జవాబు మారుతుంది. నిపుణులు దీన్నే థ్రెట్ మోడల్ అంటారు. ఈ ఒక్క మాట సరిగ్గా వివరించగలిగితే మిగతా అభ్యర్థుల కంటే మీరు ఓ మెట్టు పైన ఉన్నట్టే.

వికేంద్రీకృత నెట్‌వర్క్‌లు మీ మీద వ్యాపారం చేసే కంపెనీ నుంచి మిమ్మల్ని కాపాడగలవు. మీరే పదిమందిలో చెప్పిన మాట నుంచి మాత్రం కాపాడలేవు. ఖాతా తెరిచే ముందు ఈ తేడా గుర్తుంటే చాలు. ఈ వారాంతంలో ఓ అరగంట కేటాయించి, మీకున్న సోషల్ ఖాతాలన్నింటినీ ఒక కాగితం మీద రాయండి. ఎక్కడ ఏ పేరుతో ఉన్నారో, ఏ ఈమెయిల్ ఇచ్చారో పక్కనే రాసుకోండి. రేపు ఏ దరఖాస్తులో అడిగినా తడుముకోకుండా చెప్పగలిగేలా ఉండాలి ఆ జాబితా.